జూలైలో మంచు

వీర్పి మంచు తోసే బండి దిగి
ఆఫీసు కుర్చీ ఎక్కిన ఏడాది
మేమెవరం ఆమెను మెచ్చుకోలేదు.
కయానీ పట్నంలో పదకొండు మంది డ్రైవర్లం,
అందరిలోకీ చెయ్యి తిరిగింది ఆమెదే.
ఆగి ఉన్న కారుకు బెత్తెడు దూరంలో
బ్లేడు పోనిచ్చేది, గీత పడేది కాదు.

మొదటి చలికాలం ఫోను మోగితే చాలు లేచేది.
మార్కెట్ దగ్గర బస్సు కూరుకుపోయిందంటే తనే,
బడి ముందు దిబ్బ లేచిందంటే తనే.
మేం కాఫీ కప్పులు పట్టుకుని కిటికీలోంచి చూసేవాళ్లం,
మా మేనేజరు మా పని చేస్తుంటే.
ఒక వీధి తెరిస్తే రెండు పూడిపోయేవి.
ఫిబ్రవరికి ఆమె కళ్లకింద నల్లటి చారలు,
రోడ్లు మాత్రం ఎప్పటిలాగే.

రెండో ఏడు, జూలై.
రాత్రి పదైనా చావని ఎండ.
చెవుల్లో దోమల మోత.
అందర్నీ ఊరి చివరిదాకా నడిపించి
మోకాలెత్తు పచ్చగడ్డిలో నిలబడి అడిగింది:
"ఇక్కడ మంచు ఎంత ఎత్తు లేస్తుంది?"
యోర్మ పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను.
తౌనో ముసలాడొక్కడే నవ్వలేదు.
చొక్కా జేబులోంచి నూనె మరకల పుస్తకం తీశాడు.
పందొమ్మిదేళ్ల లెక్కలు:
గాలి ఎటునుంచి, ఏ మలుపులో దిబ్బ, ఎన్ని గంటలకు.
ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదట.

ఆమె ఆ పుస్తకం చదివిన తీరు నాకింకా గుర్తు,
దూరం నుంచి వచ్చిన ఉత్తరంలా,
మధ్యలో ఆగి, వెనక్కి తిప్పి, మళ్లీ మొదట్నుంచి.
"మనం మంచుతో కొట్లాడుతున్నాం తౌనో.
కొట్లాట గాలితో కదా."

ఆగస్టులో, రంపపు మిల్లు వెనక గట్టు పొడుగునా
నాలుగు వందల విల్లో కొమ్మలు నాటాం.
స్టీరింగు పట్టే చేతుల్లో గునపాలు!
మూడు రోజులు నా నడుం లేవలేదు.
ఇంటికెళ్లి నేను తిట్టని తిట్టు లేదు.

డిసెంబరు తుపాను రాత్రి
ఫోను మోగుతూనే ఉంది.
ఆమె లేవలేదు.
గోడమీది పటం ముందు కూర్చుని
పెన్సిలు కొరుకుతోంది, ఎంతసేపో.
నాకు ఒళ్లు మండింది.
"టౌన్‌హాలు వాళ్లు అరుస్తున్నారు వీర్పీ!"
"అరవనీ. తెల్లారేదాకా అక్కడికెవరూ రారు.
ఆసుపత్రి దారి, ఫైరింజన్ల షెడ్డు,
నర్సులుండే ఆ పసుపు అపార్టుమెంట్లు.
ముందు ఈ మూడే. మిగతావి వదిలెయ్."
వదిలెయ్ అనే మాట
ఆమె నోట్లోంచి రావడానికి ఎంత పెనుగులాడిందో
ఆ పెన్సిలును చూస్తే తెలిసేది.

అన్నీ ఆమెకు కనిపించాయని నేననను.
పాల ట్యాంకరును మరిచిపోయింది.
ఐలి డెయిరీకి అది ఆ రోజంతా చేరనేలేదు,
తొట్టి నిండి పాలు కాలవలో పోశారు.
మర్నాడు తనే వెళ్లి, తలుపు దగ్గర టోపీ తీసి నిలబడి,
తప్పు నాదే అని చెప్పి వచ్చింది.
పటంమీద ఆ చోట ఎర్ర గుండుసూది గుచ్చింది.
దారి బాగుపడి ఏళ్లవుతున్నా
సూది తీయనివ్వదు.

విల్లోలు ఇంకా నా భుజానికి రాలేదు.
ఈ ఏడు గాలిని ఆపవు.
వచ్చే ఏడు? చూడాలి.
తౌనో రిటైరవుతూ
పుస్తకం నా సొరుగులో పడేసి పోయాడు,
ఒక్క మాటా చెప్పకుండా.

ఈ వారం వీర్పి సెలవు, కుర్చీ నాది.
నిన్న రాత్రి రెండింటికి ఫోను మోగింది.
మార్కెట్ దగ్గర, వెంటనే, అంటున్నారు.
చెయ్యి దానంతటదే
బండి తాళాలమీదికి పోయింది.

అక్కడే ఆగింది కాసేపు.

గాలి ఎటునుంచి? అని అడిగాను.